రిజిస్టరులో అందరికీ పందొమ్మిదేళ్ళే

2006లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం ఎమ్మే పూర్తిచేసి నేను బయటికి వచ్చేనాటికి జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలై ఏడాది దాటింది. 2005 ఏప్రిల్ 12న ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించిన ఆ కార్యక్రమం కింద ప్రణాళికలు రాయడానికి, ఖర్చుల లెక్కలు సరిచూడడానికి, జిల్లాల నుంచి వచ్చే నివేదికలను పరిశీలించడానికి డాక్టర్లు కానివాళ్ళను కూడా రాష్ట్రాలు కాంట్రాక్టు పద్ధతిలో తీసుకోవడం మొదలుపెట్టాయి. అలా కోఠిలోని వైద్య ఆరోగ్య శాఖ ప్రాంగణంలో నాకు ఒక కుర్చీ, సగం బల్ల దొరికాయి. మిగతా సగాన్ని ఒక పాత ప్రింటరు, దాని మీద పేరుకున్న జిల్లా నివేదికలు ఆక్రమించుకుని ఉండేవి.

ఈ ఉద్యోగం ఏమిటో ఊళ్ళోవాళ్ళకు చెప్పడం మా నాన్నగారికి చాలా కష్టమయ్యేది. గవర్నమెంటు ఉద్యోగమేనా అని అడిగితే ఔననడానికి లేదు. ఏటా మార్చి నెలాఖరుకు ఒప్పందం ముగిసిపోతుంది, ఏప్రిల్లో ఎవరో గుర్తుపెట్టుకుని పొడిగించాలి. మీ అమ్మాయి డాక్టరా అంటే అసలే కాదు. చివరికి ఆయన "ఆరోగ్య శాఖలో రాతకోతల పని" అని ఒక మాట ఖాయం చేసుకున్నారు. ఆరోగ్య విధాన కన్సల్టెంటు అన్న నా హోదా కంటే ఆ మాటే నా పనికి ఎక్కువ దగ్గరగా ఉండేది.

చదువుకునే రోజుల్లో ఆరోగ్య విధానమంటే నాకు 1946 నాటి భోర్ కమిటీ నివేదిక, తరవాత వచ్చిన మొదలియార్ కమిటీ నివేదిక, 1983లోనూ 2002లోనూ ప్రకటించిన జాతీయ ఆరోగ్య విధానాలు. మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకు ఒక సబ్ సెంటరు (ఊరి స్థాయి ఆరోగ్య ఉపకేంద్రం), 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, గిరిజన ప్రాంతమైతే 3,000కు ఒకటి, 20,000కు ఒకటి అని పరీక్షల కోసం కంఠతా పట్టినదాన్ని. కోఠిలో చేరాక విధానం నా ముందుకు పుస్తకంగా రాలేదు, ఫైలుగా వచ్చింది. ఎడమవైపు అధికారుల వ్యాఖ్యలుండే నోట్ ఫైలు, కుడివైపు ఉత్తరాలుండే కరెంట్ ఫైలు, అక్కడక్కడ అట్టముక్కల ఫ్లాగులు, అన్నింటినీ కలిపి బిగించిన ట్యాగు. నోటు ఇంగ్లీషులో రాయాలి, దాని మీద జరిగే మాటలన్నీ తెలుగులో నడుస్తాయి. నా మొదటి నోటు చూసి మా సెక్షన్ సూపరింటెండెంటు గారు కళ్ళజోడు పైకి తోసుకుని, "అమ్మాయ్, ఇది వ్యాసం, నోటు కాదు" అన్నారు. ముందు పాత ఉత్తర్వులో ఏముందో రాయాలి, తరవాత ఇప్పుడు ఎవరు ఏం అడుగుతున్నారో రాయాలి, చివర ఎవరి ఆదేశం కావాలో రాసి ఊరుకోవాలి, నీకేమనిపించిందో ఎక్కడా కనబడకూడదు అని చెప్పారు. విశ్వవిద్యాలయంలో రెండేళ్ళు నేర్చుకున్నదానికి ఇది పూర్తిగా విరుద్ధం. అయితే ప్రతి విషయాన్నీ దాని పాత ఉత్తర్వు దగ్గర నుంచి తవ్వుకుంటూ రావాలన్న ఆవిడ పద్ధతి వల్లనే, కింద చెప్పబోయే సంగతి నాకు అర్థమైంది.

ఏడాదిలో ఎక్కువ కాలం మా పని కార్యక్రమ అమలు ప్రణాళిక చుట్టూ తిరిగేది. దాన్ని అందరూ పిప్ అనేవారు. అప్పటి 23 జిల్లాల నుంచి వచ్చిన ప్రణాళికలను కలిపి, తల్లీపిల్లల ఆరోగ్యం ఒక భాగంగా, మిషన్ అదనపు పనులు ఇంకో భాగంగా, టీకాలు, వ్యాధి నియంత్రణ కార్యక్రమాలు, ఇతర శాఖలతో సమన్వయం విడివిడిగా రాసి, స్పైరల్ బైండింగు చేయించి ఢిల్లీకి పట్టుకెళ్ళేవాళ్ళం. ప్రయాణం అప్పట్లో ఏ.పి. ఎక్స్‌ప్రెస్‌లో, ఇప్పుడు ఆ బండినే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అంటున్నారు. కేంద్ర ఆరోగ్య శాఖ ఉండే నిర్మాణ్ భవన్‌లో జరిగే సమావేశంలో మనం ఎంత అందంగా రాశామన్నది ఎవరికీ పట్టేది కాదు. కిందటేడు ఇచ్చిన డబ్బుకు వినియోగ ధ్రువపత్రాలు (యూసీలు) వచ్చాయా అన్నదే మొదటి ప్రశ్న. అందుకే బయలుదేరే ముందు వారమంతా జిల్లాలకు ఫోన్లు చేసి యూసీలు పంపండి సార్, యూసీలు పంపండి మేడం అని బతిమాలడంతోనే గడిచిపోయేది. ఒక్కో సబ్ సెంటరుకు ఏటా 10,000 రూపాయల అన్‌టైడ్ నిధి, అంటే ఫలానా పనికేనని కట్టిపెట్టని డబ్బు, వచ్చేది. సర్పంచి, సబ్ సెంటరు నర్సు అయిన ఏఎన్ఎం కలిసి సంతకం పెడితేనే బ్యాంకు నుంచి తీయాలి. ఆ ఇద్దరికీ మాటల్లేని ఊరి డబ్బు బ్యాంకులోనే ఉండిపోయేది, మా లెక్కల్లో అది "ఖర్చు కాలేదు" అన్న గడిలో పడేది. ఇద్దరి మధ్య గొడవ రాసుకోవడానికి ఆ ఫారంలో గడి లేదు.

ఆ ప్రణాళికలో నాకు అప్పగించిన భాగాల్లో జననీ సురక్ష యోజన ఒకటి. ఇంటి దగ్గర కాకుండా ఆసుపత్రిలో కాన్పు అయితే తల్లికి నగదు ఇచ్చే పథకం అది. గ్రామీణ ప్రాంతపు పేద తల్లికి మన రాష్ట్రంలో కేంద్రం 700 రూపాయలు ఇస్తే, రాష్ట్రం తన సుఖీభవ పథకం కింద 300 కలిపి మొత్తం 1,000 చేసేది. ఉత్తరప్రదేశ్, బీహార్, రాజస్థాన్, ఒరిస్సా వంటి రాష్ట్రాల్లో ఇదే పథకం కింద గ్రామీణ తల్లికి 1,400 ఇచ్చేవారు, అక్కడ ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చిన ప్రతి తల్లికీ ఇచ్చేవారు. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కేరళ వంటివి ఆసుపత్రి కాన్పులు ఇప్పటికే బాగా జరుగుతున్న రాష్ట్రాలు కాబట్టి ఇక్కడ షరతులు పెట్టారు. తల్లి దారిద్ర్యరేఖకు దిగువన ఉండాలి, ఆమెకు 19 ఏళ్ళు నిండాలి, మొదటి రెండు కాన్పులకే డబ్బు.

జిల్లాల నుంచి లబ్ధిదారుల జాబితాలు వచ్చేవి. ఎంతమందికి ఇచ్చారు, ఎంత ఖర్చయింది అన్న రెండు అంకెలే పైకి వెళ్ళేవి కనుక మిగతా గడులను ఎవరూ చూసేవారు కాదు. ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చి, ఢిల్లీకి పంపాల్సిన పని ఆగిపోయి, తోచక ఒక జిల్లా జాబితాలోని వయసుల గడిని వరసలో పెట్టి చూశాను. మనవాళ్ళు వయసు అడిగితే ఉజ్జాయింపుగా చెబుతారని, అందువల్ల ఏ జనాభా లెక్కలోనైనా 20, 25, 30 దగ్గర జనం గుట్టపడతారని చదువుకున్నాను. ఇక్కడ గుట్ట 20 దగ్గర లేదు, 19 దగ్గర ఉంది. 18 గడి ఖాళీ. అంతకంటే తక్కువ వయసు గడులూ ఖాళీయే. రాష్ట్రంలో సగానికి పైగా ఆడపిల్లలకు 18 నిండకుండానే పెళ్ళిళ్ళు అవుతున్నాయని అదే కాలంలో, 2005-06లో, జరిగిన మూడో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతుండగా, మా జాబితాలో మాత్రం పదిహేడేళ్ళ తల్లి ఒక్కతే ఒక్కతి కూడా లేదు. కాన్పు సంఖ్య గడిలోనూ అంతే. ఒకటి, రెండు తప్ప మూడు అన్న అంకె ఆ కాగితాల మీద పడలేదు.

పక్క గదిలో కూర్చునే డెమోగ్రాఫర్ సారుకు తీసుకెళ్ళి చూపించాను. ఉద్యోగ విరమణకు దగ్గరపడిన మనిషి, జనాభా లెక్కలతోనే జీవితం గడిపినవారు. కాగితం చూసి నవ్వి, "పథకం పెట్టిన రోజే పిల్లలంతా ఒకేసారి పెద్దమనుషులైపోయారమ్మా" అన్నారు. ఆ తరవాత నవ్వు ఆపి, వీలైతే ఎక్కడైనా ఒక సబ్ సెంటరుకు వెళ్ళి రిజిస్టరు చూసి రా, ఫిర్యాదు చేయడానికి వెళ్ళకు, చూడడానికి వెళ్ళు అని చెప్పారు.

ఆ నెలలో మహబూబ్‌నగర్ జిల్లాకు టూరు పడింది. నారాయణపేట వైపు ఒక ఊళ్ళో అద్దె గదిలో నడుస్తున్న సబ్ సెంటరు అది. గదిలో ఒక ఇనుప బల్ల, బరువు తూచే యంత్రం, గోడకు ఆనించిన టీకాల క్యారియర్, మేకుకు తగిలించిన బి.పి. మిషను ఉన్నాయి. అర్హులైన దంపతుల రిజిస్టరు, తల్లీపిల్లల రిజిస్టరు, టీకాల రిజిస్టరు, స్టాకు రిజిస్టరు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పొడుగాటి గీతల కాగితాల మీద అంచులో స్కేలుతో గీసుకున్న అదనపు గడులు కనిపించాయి. పైవాళ్ళు కొత్త నివేదిక అడిగినప్పుడల్లా కొత్త రిజిస్టరు ఇవ్వరు కాబట్టి ఏఎన్ఎంలే ఇలా గడి కలుపుకుంటారు. మా ఆఫీసులో మేము ఒక వాక్యం కలిపితే ఊళ్ళో ఒక గడి పెరుగుతుందని అప్పటిదాకా నాకు తట్టలేదు.

మేము మాట్లాడుతుండగానే ఒక అత్త తన కోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. "నర్సమ్మా, జర చూడు, కాళ్ళు వాచినయ్" అంది. ఆ పిల్ల మెడలో పసుపుతాడు, చేతులకు గాజులు ఉన్నాయి, ముఖం మాత్రం బడిలో కూర్చోవలసిన ముఖం. భర్త మేస్త్రీ వెంట కాలువ పనులకు వెళ్ళాడట, ఏరువాకకు గాని రాడట. పాలమూరు కూలీల ఇళ్ళలో అది మామూలు సంగతి. ఏఎన్ఎం ఆమెకు బి.పి. చూసి, కనురెప్ప కిందికి లాగి చూసి, మాత్రలు ఎలా వేసుకోవాలో అత్తకు రెండుసార్లు చెప్పి, రిజిస్టరులో వయసు గడిలో 19 రాసింది. నేను ఏమీ అనలేదు. వాళ్ళు వెళ్ళాక ఆమే అంది:

"మేడం, పదహారు అని రాస్తే ఈ పిల్లకు పైసలు రావు. పందొమ్మిది అని రాస్తే వస్తయి. పైసలు రాకుంటే అత్త దవాఖానకు తోలదు, ఇంట్లనే కాన్పు చేయిస్తది. ఇంట్ల ఏమన్న అయితే మళ్ళ నన్నే అడుగుతరు. మీరే చెప్పుండ్రి, ఏం రాయాలె?"

ఆమె మాటలకు జవాబు నా దగ్గర లేదు. జవాబు లేకపోయేసరికి ఆమెకు నా మీద కొంత నమ్మకం కలిగినట్టుంది. చేతిసంచీలోంచి ఒక చిన్న పాకెట్ డైరీ తీసి చూపించింది. పాలవాడి పద్దులా కనిపించే ఆ డైరీలో ఊళ్ళోని గర్భిణులందరి అసలు వయసులు ఉన్నాయి. పేరు, దాని పక్కన 16 అనో 17 అనో అంకె, ఎత్తు తక్కువ, రక్తం 8, మొదటి కాన్పు, ఇక్కడ వద్దు మహబూబ్‌నగర్‌కు పంపాలి అని ఎర్ర పెన్నుతో రాసుకుంది. మరో పేజీలో నాలుగో కాన్పు, పోయినసారి రక్తం బాగా పోయింది అని ఉంది. రిజిస్టరులో అదే మనిషికి రెండో కాన్పు. కాన్పు కష్టమయ్యే వాళ్ళను ముందే గుర్తుపట్టడానికి అసలు వయసు, అసలు కాన్పు సంఖ్య ఆమెకు అవసరం కనుక ఆమె వాటిని పోగొట్టుకోలేదు, ప్రభుత్వ రిజిస్టరులోంచి తీసి తన సంచీలో పెట్టుకుంది. రాష్ట్రంలో మాతృ మరణాల గురించి మేము ఢిల్లీకి రాసే అధ్యాయానికి కావలసిన సమాచారమంతా ఆ డైరీలో ఉంది, మాకు అందేది మాత్రం రిజిస్టరు.

తిరిగి వచ్చి సూపరింటెండెంటు గారు నేర్పిన పద్ధతిలోనే పాత ఉత్తర్వులు తవ్వాను. 19 ఏళ్ళ షరతు జననీ సురక్ష కోసం ఎవరూ ఆలోచించి పెట్టినది కాదని తేలింది. 1995లో వచ్చిన జాతీయ ప్రసూతి ప్రయోజన పథకంలో, పేద గర్భిణికి పోషణ కోసం 500 రూపాయలు ఇచ్చే పథకంలో, 19 ఏళ్ళు, రెండు కాన్పులు అన్న నియమం ఉండేది. ఆ పథకం స్థానంలో ఇది వచ్చినప్పుడు నియమం కూడా సామానుతోపాటు కొత్త ఇంటికి వచ్చేసింది. పాత పథకం ఉద్దేశం పోషణ, కొత్త పథకం ఉద్దేశం ప్రాణం దక్కడం. మొదటిదానిలో కుటుంబ నియంత్రణ షరతుకు ఏదో ఒక సమర్థన చెప్పుకోవచ్చేమో, రెండోదానిలో ఎవరికి ప్రమాదం ఎక్కువో సరిగ్గా వాళ్ళనే ఆ షరతు బయట నిలబెట్టేది. పదహారేళ్ళ పిల్లకూ, నాలుగో కాన్పు తల్లికీ ఆసుపత్రి అవసరం మిగతావాళ్ళ కంటే ఎక్కువ.

ఆ కాలపు వాతావరణం కూడా గుర్తుచేసుకోవాలి. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదని 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం అనేది. 1997లో రాష్ట్రం తన సొంత జనాభా విధానం ప్రకటించింది. ఆపరేషన్ల లక్ష్యాలు చూస్తూ పెరిగిన అధికారుల తరం అది, వాళ్ళకు రెండు అన్న అంకె ప్రశ్నకు అందని విషయం. నిజానికి 2005-06 సర్వే నాటికే మన రాష్ట్రంలో సగటున ఒక స్త్రీకి పుట్టే పిల్లల సంఖ్య 1.8కి దిగిపోయింది. మిషన్ 2012కు చేరాలనుకున్న లక్ష్యం 2.1. అంటే ఏ సమస్య కోసం ఆ షరతు పుట్టిందో ఆ సమస్య తీరిపోయాక కూడా షరతు పని చేస్తూనే ఉంది.

నోటు రాశాను. నాకేమనిపించిందో ఎక్కడా కనబడకుండా రాశాను. ఏ సబ్ సెంటరు పేరూ ప్రస్తావించలేదు. ప్రస్తావిస్తే ముందు మెమో అందుకునేది ఆ ఏఎన్ఎం అని నాకు తెలుసు. పై అధికారి ఒకరు పిలిచి ఓపిగ్గానే మాట్లాడారు. పదహారేళ్ళ తల్లికి ప్రభుత్వం డబ్బిస్తే బాల్య వివాహానికి బహుమతి ఇచ్చినట్టు కాదా అన్నారు. అది తీసిపారేయదగిన ప్రశ్న కాదు, ఆ రోజుల్లోనే బాల్య వివాహాల నిషేధ చట్టం కొత్తగా అమల్లోకి వస్తోంది. 1,000 రూపాయల కోసం ఎవరూ పిల్ల పెళ్ళి చేయరు సార్, పెళ్ళి అయిపోయి కడుపుతో వచ్చిన పిల్ల సంగతే మనం మాట్లాడుతున్నాం అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, షరతు కేంద్రానిది, సడలించే అధికారం మనకు లేదు అన్నారు. అదీ నిజమే. ఫైలు కొన్నాళ్ళు తిరిగి ఎల్.డిస్. కింద, అంటే ఇక చర్య అక్కర్లేదని మూసేసే ఫైళ్ళలో, ముగిసింది.

అయితే అదే మార్గదర్శకాలు చదువుతుండగా పనికొచ్చే మరో వాక్యం దొరికింది. పేదరిక ధ్రువీకరణ కార్డు ఇంకా అందని చోట గ్రామ పెద్ద లేదా వార్డు సభ్యుడు ఇచ్చే ధ్రువీకరణను రాష్ట్రం అనుమతించవచ్చని అందులో ఉంది. తెల్ల రేషన్ కార్డులో కోడలి పేరు ఎక్కకపోవడం, పుట్టింటి కార్డులో తీసేయడం, ఆ మధ్యలో కాన్పు రావడం మా ఊళ్ళన్నింటిలోనూ ఉన్నదే. ఆ వాక్యాన్ని జిల్లాలవారు పట్టించుకునేలా రాసిన స్పష్టీకరణ నా చేతి మీదుగా వెళ్ళింది. విశ్వవిద్యాలయంలో నా సహాధ్యాయులు కొందరు అప్పటికి బ్యాంకుల్లోనూ, కొందరు అమెరికా విశ్వవిద్యాలయాల్లోనూ ఉన్నారు. నువ్వు ఏం చేశావని వాళ్ళు అడిగితే ఒక సర్క్యులర్లో రెండో పేరా అని చెప్పుకోవాలి. చెప్పుకున్నాను కూడా, కొంత గర్వంగానే.

ఆ ఏళ్ళలో మా శాఖ గురించి పత్రికలు రాసినదంతా వేరే విషయాల మీద. 2005 ఆగస్టులో మొదలైన 108 అంబులెన్సులు ఊళ్ళలోకి చేరుతున్నాయి. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. తెల్ల కార్డు మనిషికి కార్పొరేట్ ఆసుపత్రిలో గుండె ఆపరేషను జరగడం చిన్న విషయం కాదు, వాటి చుట్టూ సందడి ఉండడం సహజమే. కానీ మా సెక్షన్‌లో కూర్చున్నవాళ్ళకు, అద్దె గదిలో నడిచే సబ్ సెంటరుకు కొత్త రిజిస్టరు ఇవ్వడానికి ఏళ్ళు పట్టడం, అదే కాలంలో మరో ఫైలు రెక్కలు కట్టుకుని ఎగరడం కళ్ళముందు కనిపించేది. 108 మీద మాత్రం నాకు ప్రత్యేకమైన అభిమానం ఉండేది. ఫోను ఎత్తినవాళ్ళు వయసు అడిగినా అర్హత తేల్చడానికి అడిగేవారు కాదు.

నేను ఆ ఉద్యోగం వదిలి పరిశోధన వైపు వెళ్ళాక కూడా ఈ షరతు గురించి వార్త ఎక్కడ కనిపించినా చదివేదాన్ని. 2011 జూన్‌లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు ఖర్చును అందరికీ ఉచితం చేసింది, అందులో వయసు షరతు లేదు. 2013 మేలో కేంద్రం జననీ సురక్షలోనూ 19 ఏళ్ళ నియమాన్ని, రెండు కాన్పుల నియమాన్ని తీసేసింది. మేము వాదించుకున్న కారణాలే కేంద్రానికి ఎవరెవరో ఎక్కడెక్కడి నుంచో రాసి ఉంటారు. మాతృ మరణాల నిష్పత్తి లక్ష సజీవ జననాలకు 2004-06లో మన రాష్ట్రంలో 154 ఉండేది, ఆ తరవాతి నివేదికల్లో క్రమంగా తగ్గుతూ వచ్చింది. ఆ తగ్గుదలలో ఈ డబ్బు వాటా ఎంతో విడదీసి చెప్పడం అర్థశాస్త్రం చదివిన నాకు ఇప్పటికీ చేతకాదు. స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది, ముఖ్యమంత్రే ఇప్పుడు ఎక్కువమంది పిల్లలను కనమంటున్నారు.

2013లో షరతు పోయిన వార్త చదివిన రోజున, అప్పటికే రిటైరైన డెమోగ్రాఫర్ సారుకు ఫోన్ చేశాను. ఇక మీ గుట్ట కరిగిపోతుంది సార్, వయసులు మళ్ళీ సరిగ్గా పడతాయి అన్నాను. ఆయనకు అంత సంతోషం కలగలేదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కిందటేడే వచ్చింది, 18 నిండని పిల్ల కడుపుతో ఆసుపత్రికి వస్తే పోలీసులకు చెప్పడం తప్పనిసరి అని గుర్తుచేశారు. "గుట్ట ఎక్కడికీ పోదమ్మా, ఒక్క మెట్టు దిగుతుంది. ఇకనుంచి అందరికీ పద్దెనిమిది" అన్నారు.